ఒక పంపు, రెండు దేశాలు: పీజీలో ఇంటర్నేషనల్ బిజినెస్ చదివే పద్ధతి

1995లో జాన్ మెకల్లమ్ అనే ఆర్థికవేత్త ఒక పోలిక చేశారు. కెనడాలోని ఒక ప్రావిన్స్ మరో ప్రావిన్స్‌తో ఎంత వ్యాపారం చేస్తోంది? అంతే దూరంలో, అంతే పరిమాణంలో ఉన్న అమెరికా రాష్ట్రంతో ఎంత చేస్తోంది? 1988 నాటి లెక్కల్లో మొదటిది రెండోదానికి సుమారు 22 రెట్లు తేలింది. ఇరుగుపొరుగు దేశాలు, కలిసి ఉన్న రోడ్లు, చాలావరకు ఒకటే భాష. అయినా మధ్యలో ఒక గీత ఉంటే అంత తేడా. 2003లో ఆండర్సన్, వాన్ విన్‌కూప్ అనే ఆర్థికవేత్తలు ఆ లెక్కలో లోపం పట్టుకున్నారు. ఒక ప్రాంతానికి మిగతా ప్రపంచం అంతటితో ఉన్న అడ్డంకులను కలుపుకోకపోతే చిన్న దేశం వైపు నుంచి చూసినప్పుడు సరిహద్దు ప్రభావం ఉబ్బి కనిపిస్తుందని చూపించారు. సరిదిద్ది చూస్తే సరిహద్దు వల్ల ఆ రెండు దేశాల మధ్య వ్యాపారం 44 శాతం తగ్గుతోందని తేల్చారు. 22 రెట్లు కాకపోయినా, 44 శాతం చిన్న సంగతేమీ కాదు.

ఇంటర్నేషనల్ బిజినెస్ పీజీ అంతా ఆ గీత గురించే. అది దాటడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు, దాటకుండా అవతలి వైపే ఫ్యాక్టరీ పెడితే ఏమవుతుంది, అవతలివాడు డబ్బు ఇవ్వకపోతే ఏ కోర్టుకు వెళ్లాలి. కానీ చదువు మాత్రం ముక్కలుగా అందుతుంది. సోమవారం ట్రేడ్ థియరీ, మంగళవారం ఫారెక్స్, గురువారం క్రాస్ కల్చరల్ మేనేజ్‌మెంట్. ఒక దాని నోట్సు ఇంకో దాని మొహం చూడదు. సంవత్సరం చివర సిద్ధాంతకర్తల పేర్లు ముప్పై గుర్తుంటాయి గానీ, ఒక సరుకును ఫ్యాక్టరీ గేటు నుంచి అవతలి దేశంలోని గోదాము దాకా చేర్చి డబ్బు రాబట్టే దారి చెప్పమంటే సగంలో ఆగిపోతారు.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. మొదటి వారంలోనే ఒక వస్తువునూ రెండు దేశాలనూ ఎంచుకోండి. కోర్సు ముగిసేదాకా ప్రతి సబ్జెక్టునూ ఆ వస్తువుకే తగిలించండి. ఒక ఫైలు, అందులో సబ్జెక్టుకో విభాగం. ఇక్కడ నేను ఉదాహరణగా సెంట్రిఫ్యూగల్ నీటి పంపు తీసుకుంటాను. మీరు ఏదైనా తీసుకోవచ్చు గానీ సాఫ్ట్‌వేర్, కన్సల్టింగ్ లాంటి సేవలు వద్దు. వాటికి కస్టమ్స్ గేటు లేదు, ఓడ లేదు, దేశం జంటల వారీగా దొరికే డేటా కూడా పలచన. చేత్తో తాకగలిగిన వస్తువైతేనే గీత కనిపిస్తుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడు

ఇంకా చేరనివాళ్లకు ఒక్క మాట. బ్రోషర్ పక్కన పెట్టి మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అడిగి తెప్పించుకోండి. అందులో మూడు విషయాలు వెతకండి: పత్రాలు, కస్టమ్స్, చెల్లింపుల గురించి కనీసం ఒక పూర్తి మాడ్యూల్, సాఫ్ట్‌వేర్‌తో చేయించే గణాంకాలు, డిజర్టేషన్ గైడ్ చేసేవాళ్లలో ట్రేడ్ మీదో, బహుళజాతి సంస్థల మీదో పరిశోధన చేసేవాళ్లు. జాబితా నిండా స్ట్రాటజీ, లీడర్‌షిప్, ఇన్నోవేషన్ అని మాత్రమే ఉంటే అది మామూలు మేనేజ్‌మెంట్ కోర్సు, పేరు మాత్రం వేరు. ఎంబీఏ సాధారణంగా ఉద్యోగానుభవం ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని నడుస్తుంది. ఎంఎస్సీ అయితే డిగ్రీ అయిన వెంటనే చేరేవాళ్ల కోసం, పరిశోధన పాలు ఎక్కువ. బ్రిటన్‌లో ఎంఎస్సీ మొత్తం 180 క్రెడిట్లు, అందులో 60 దాకా డిజర్టేషనే. అంటే మూడో వంతు మార్కులు ఒక్క ప్రశ్న మీద ఆధారపడతాయి. ఆ ప్రశ్న ఎలా ఎంచుకోవాలో చివర చెబుతాను.

ముందు వస్తువుకు నంబరు వేయండి

పంపు అని మనం అంటాం. కస్టమ్స్ దృష్టిలో అది 8413.70. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే హార్మోనైజ్డ్ సిస్టమ్, అంటే హెచ్‌ఎస్ కోడ్, 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు ఆ విధానం పాటించే అన్ని దేశాల్లోనూ ఒకటే. ఏడో అంకె నుంచి ఏ దేశానిది ఆ దేశం. విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే: ఎగుమతి దేశంలోని ఎనిమిది అంకెల కోడ్ పట్టుకుని దిగుమతి దేశపు సుంకాల పట్టికలో వెతుకుతారు. దొరకదు, లేదా దొరికింది వేరే వస్తువు అవుతుంది. ఆరు అంకెల దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి అవతలి దేశపు పట్టికలో మళ్లీ కిందికి దిగాలి.

ఇంకో చిక్కు. పంపుకు మోటారు బిగించి ఉంటే అది పంపా, మోటారా? మోటారు కోడ్ 8501. హెచ్‌ఎస్‌లో 16వ సెక్షన్ మొదట్లోనే దీనికి నోట్ ఉంటుంది: కలిపి బిగించిన యంత్రాలను వాటి ప్రధాన పనిని బట్టి వర్గీకరించాలి. నీళ్లు తోడటమే ప్రధాన పని కాబట్టి ఇది పంపే. కోడ్ పేర్లు మాత్రమే చదివి సెక్షన్ నోట్లు, అధ్యాయం నోట్లు వదిలేస్తే వర్గీకరణ తప్పుతుంది, దాంతో సుంకం రేటూ తప్పుతుంది.

ఈ ఆరు అంకెలతోనే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల అసలు రంగు బయటపడుతుంది. ఒప్పందం ఉంది కాబట్టి సుంకం సున్నా అని రాసేస్తారు చాలామంది. సున్నా కావాలంటే వస్తువు ఆ దేశంలోనే పుట్టిందని నిరూపించాలి. దానికి ఒక పరీక్ష, శీర్షిక మారాలన్న నియమం: బయటి నుంచి తెచ్చిన ముడిసరుకు కోడ్‌లోని మొదటి నాలుగు అంకెలూ, తయారైన వస్తువు మొదటి నాలుగు అంకెలూ వేరుగా ఉండాలి. ఇప్పుడు చూడండి. పంపు విడిభాగాల కోడ్ 8413.91. అవి విదేశాల నుంచి తెచ్చి ఇక్కడ కూర్చితే 8413 నుంచి 8413కే వచ్చాం. పరీక్ష తప్పినట్టే. అదే ఒప్పందంలో ఉపశీర్షిక మారితే చాలని ఉంటే, 8413.91 నుంచి 8413.70కి మారింది కాబట్టి నెగ్గినట్టు. స్థానికంగా ఇంత శాతం విలువ జోడించాలన్న నియమమైతే మళ్లీ వేరే లెక్క. ఒప్పందంలో మీ వస్తువు వరుస తెరిచి చదవనిదే దేని గురించీ మాట్లాడలేం. ట్రేడ్ పాలసీ పేపర్లో ఈ ఒక్క పేరా రాసినవాళ్లకూ, ఒప్పందాల వల్ల కలిగే మేళ్లు అని పది పాయింట్లు రాసినవాళ్లకూ తేడా దిద్దేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

ఇంకొకటి కూడా చూడండి. నీటి పంపు అమాయకమైన వస్తువే. కానీ తినివేసే రసాయనాలను తట్టుకునే పదార్థాలతో చేసిన, సీలు లేని లేదా ఒకటికి మించి సీళ్లున్న పంపు గంటకు 0.6 ఘనపు మీటర్లకు మించి తోడగలిగితే, అది రసాయన ఆయుధాల భయంతో రూపొందించిన ఆస్ట్రేలియా గ్రూప్ నియంత్రణ జాబితాలోకి వస్తుంది. అప్పుడు ఎగుమతి లైసెన్సు కావాలి. హెచ్‌ఎస్ కోడ్ ఈ సంగతి చెప్పదు, నియంత్రణ జాబితాలను విడిగా చూసుకోవాలి.

ఖర్చు లెక్క: అవతలి గోదాము దాకా

ల్యాండెడ్ కాస్ట్, అంటే సరుకు అవతలి గోదాము చేరేసరికి అయ్యే మొత్తం ఖర్చు, లెక్క చేతితో ఒక్కసారైనా వేయాలి. అంకెలన్నీ ఉదాహరణ కోసమే. 400 పంపులు, ఒక్కోటి 150 డాలర్లు, మొత్తం 60,000. ఓడ రవాణా 3,200. కలిపితే 63,200. బీమా ప్రీమియం రేటు 0.3 శాతం అనుకుందాం. వాడుక ప్రకారం బీమా సీఐఎఫ్ విలువకు, అంటే సరుకు ధర, బీమా, రవాణా కలిపిన విలువకు, 110 శాతం మీద చేస్తారు. సీఐఎఫ్‌లో బీమా కూడా కలిసి ఉంది కాబట్టి ఇది తన తోకను తాను పట్టుకునే లెక్క. 63,200ను (1 − 1.1 × 0.003) తో భాగించాలి, అంటే 0.9967తో. వచ్చేది 63,409.25. బీమా 209.25 డాలర్లు.

సుంకం 4 శాతం అనుకుంటే 2,536.37. మీద విలువ ఆధారిత పన్ను 20 శాతం, సుంకం కలిపిన 65,945.62 మీద: 13,189.12. ఈ పన్నును చాలామంది ఖర్చులో కలిపేస్తారు. నమోదైన వ్యాపారికి అది మామూలుగా తిరిగి జమ అవుతుంది, కాబట్టి అది వస్తువు ఖర్చులోకి రాదు. కానీ ముందు కట్టి తర్వాత రాబట్టుకోవాలి కాబట్టి నగదు ప్రవాహంలో తప్పక చూపాలి. చిన్న దిగుమతిదారు మునిగేది తరచుగా ఇక్కడే. రేవు ఖర్చులు, లోపలి రవాణా 1,500 వేసుకుంటే మొత్తం 67,445.62, పంపుకు 168.61 డాలర్లు. 150గా బయల్దేరిన ధర లాభం కలపకముందే 12.4 శాతం పెరిగింది.

సుంకాన్ని ఏ విలువ మీద వేస్తారన్నది కూడా దేశాన్ని బట్టి ఉంటుంది. చాలా దేశాలు రవాణా, బీమా కలిపిన విలువ మీద వేస్తాయి. అమెరికా, ఆస్ట్రేలియా లాంటివి అంతర్జాతీయ రవాణానూ బీమానూ తీసేసి లెక్కిస్తాయి. పై ఉదాహరణలో అయితే 60,000 మీద 2,400 మాత్రమే. రెండు దేశాల సుంకాలను రేట్ల శాతాలతో మాత్రమే పోల్చడం తప్పు అనడానికి ఇదే కారణం.

ఇన్‌కోటర్మ్స్‌లో జారిపోయే చోటు

ఖర్చూ, నష్టభారమూ అమ్మేవాడి నుంచి కొనేవాడికి ఎక్కడ మారతాయో చెప్పే ప్రామాణిక షరతులే ఇన్‌కోటర్మ్స్. 2020 సంచికలో 11 నియమాలు ఉన్నాయి. 7 ఏ రవాణాకైనా పనికొస్తాయి. 4 మాత్రం, ఎఫ్‌ఏఎస్, ఎఫ్‌వోబీ, సీఎఫ్‌ఆర్, సీఐఎఫ్, సముద్రం మీదా లోతట్టు జలమార్గాల్లోనూ వాడటానికే. బట్టీ పట్టే పట్టిక అందరి దగ్గరా ఉంటుంది. ఏ గళ్లో ఎందుకు అలా ఉందో అడిగితేనే ఇబ్బంది.

కంటైనర్ సరుకుకు ఎఫ్‌వోబీ ఎందుకు వద్దంటారు? అమ్మేవాడు కంటైనర్‌ను టెర్మినల్ గేటు దగ్గర అప్పగించి వచ్చేస్తాడు. ఎఫ్‌వోబీ ప్రకారం నష్టభారం కొనేవాడికి మారేది సరుకు ఓడలోకి చేరాకే. మధ్యలో యార్డులో క్రేన్ కిందపడేస్తే? సరుకు చేతిలో లేదు, బాధ్యత మాత్రం అమ్మేవాడిదే. ఎఫ్‌సీఏ అయితే అప్పగింత దగ్గరే భారం మారుతుంది. మరి అందరూ ఎఫ్‌వోబీనే ఎందుకు పట్టుకు వేలాడతారు? సరైన పత్రాలు చూపితే డబ్బు ఇస్తానని బ్యాంకు రాసిచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ)లో బ్యాంకు ఓడలో ఎక్కించినట్టు ముద్ర ఉన్న బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ రవాణా పత్రం, అడుగుతుంది, ఎఫ్‌సీఏలో అది అమ్మేవాడి చేతికి వచ్చే దారి ఉండేది కాదు. 2020 సవరణలో ఆ దారి పెట్టారు: కొనేవాడు రవాణాదారుకు చెప్పి అలాంటి బిల్లు ఇప్పించేలా ఇద్దరూ ఒప్పుకోవచ్చు. ఈ ముడి తెలిస్తే మూడు మాడ్యూళ్లు, అంటే రవాణా, చెల్లింపు, కాంట్రాక్టు చట్టం, ఒక్క చోట కలిసినట్టు.

సీఐఎఫ్‌లో అమ్మేవాడు కొనాల్సిన బీమా కనీస స్థాయిది, క్లాజ్ సీ. సీఐపీలో 2020 నుంచి విస్తృతమైన క్లాజ్ ఏ. పేర్లలో ఒక్క అక్షరం తేడా, రక్షణలో చాలా తేడా. ఇక యాజమాన్యం ఎప్పుడు మారుతుందో ఇన్‌కోటర్మ్స్ చెప్పవు, డబ్బు ఎప్పుడు ఇవ్వాలో కూడా చెప్పవు. అవి కాంట్రాక్టులో విడిగా రాయాలి. జవాబు పత్రంలో "ఎఫ్‌వోబీలో యాజమాన్యం ఓడ దగ్గర మారుతుంది" అని రాస్తే మార్కులు పోవడం న్యాయమే.

కాంట్రాక్టు ప్రసంగం వచ్చింది కాబట్టి: 1980లో వియన్నాలో కుదిరి 1988లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ అమ్మకాల ఒప్పందం, సీఐఎస్‌జీ, రెండు పక్షాలూ సభ్యదేశాలవైతే అడగకుండానే వర్తిస్తుంది. "ఫలానా దేశ చట్టం వర్తిస్తుంది" అని రాసి అది తప్పిపోయిందనుకుంటారు. ఆ దేశం సభ్యదేశమైతే సీఐఎస్‌జీ ఆ దేశ చట్టంలో భాగమే. వద్దనుకుంటే వద్దని స్పష్టంగా రాయాలి. వివాదాలకు కోర్టు బదులు ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) పెట్టుకోవడానికి ముఖ్య కారణం 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం. 170కి పైగా దేశాల్లో తీర్పును అమలు చేయించుకోవచ్చు. ఒక దేశపు కోర్టు తీర్పుకు అంత విస్తృతమైన ఆమోదం లేదు.

లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను బ్యాంకులా చదవండి

ఎల్‌సీల విషయంలో బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమావళి, 2007 జూలై 1 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600లో 39 ఆర్టికల్స్ మాత్రమే. రెండు సాయంత్రాల్లో పూర్తవుతుంది. పాఠ్యపుస్తకంలోని బాణాల బొమ్మ కంటే దీన్నే చదవమంటాను. అన్నిటికీ మూలం 5వ ఆర్టికల్: బ్యాంకులు పత్రాలతో వ్యవహరిస్తాయి, సరుకుతో కాదు. పెట్టెలో మంచి పంపులున్నా పత్రం తప్పైతే డబ్బు ఆగుతుంది.

పత్రాలు అందిన మర్నాటి నుంచి పరిశీలనకు బ్యాంకుకు గరిష్ఠంగా 5 బ్యాంకు పనిదినాలు. రవాణా పత్రం అసలు ప్రతి ఉన్నప్పుడు, సరుకు ఎక్కించిన 21 రోజుల్లోపు పత్రాలు అందాలి, ఎల్‌సీ గడువు కూడా దాటకూడదు. ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీలోని వర్ణనతో సరిపోలాలి. బీమా పత్రం తేదీ ఎక్కించిన తేదీ తర్వాతది అయితే, రక్షణ ముందు నుంచే ఉందని అందులో రాసి ఉండకపోతే, తిరస్కరణే.

30వ ఆర్టికల్ దగ్గర కాస్త ఆగండి. పరిమాణంలో 5 శాతం అటూఇటూ అనుమతి ఉందని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. ఆ అనుమతి పెట్టెల సంఖ్యో, వస్తువుల సంఖ్యో చెప్పని సరుకుకు మాత్రమే, అంటే టన్నుల లెక్కన పోయేవాటికి. 400 పంపులు అని ఎల్‌సీలో ఉంటే 5 శాతం కథ లేదు. "సుమారు" అన్న మాట పరిమాణం పక్కన ఉంటే 10 శాతం దాకా చెల్లుతుంది.

చేయాల్సిన అభ్యాసం: ఒక పేజీ ఎల్‌సీ మీరే రాయండి. దానికి ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్, బీమా పత్రం, మూలదేశ ధ్రువపత్రం నమూనాలు తయారు చేసి అందులో నాలుగు తప్పులు కావాలని దాచండి. తోటి విద్యార్థితో మార్చుకుని బ్యాంకు గుమాస్తాలా వెతకండి. గంట పని. ట్రేడ్ ఫైనాన్స్ ఇంటర్వ్యూలో అడిగేవాటికి ఇంతకంటే మంచి తయారీ నాకు తెలియదు.

సిద్ధాంతాలు: పేర్లు కాదు, జవాబు ఎప్పుడు తిరగబడుతుందో

పంపు కంపెనీ ముందు కొన్ని దారులు: నేరుగా ఎగుమతి, అక్కడి డిస్ట్రిబ్యూటర్, లైసెన్సు, జాయింట్ వెంచర్, సొంత ఫ్యాక్టరీ. జాన్ డన్నింగ్ 1976లో ప్రతిపాదించిన ఓఎల్‌ఐ చట్రంలో యాజమాన్య, స్థల, అంతర్గతీకరణ అనుకూలతలు మూడూ చూడాలి. సాధారణంగా కనిపించే జవాబులో మూడు శీర్షికలు, వాటి కింద కంపెనీ గొప్పలు ఉంటాయి. అది వర్ణన, విశ్లేషణ కాదు. అంతర్గతీకరణ అంటే అసలు ప్రశ్న: ఈ జ్ఞానాన్ని బయటివాడికి అమ్మడం ఎందుకు కుదరదు? ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే చక్రం) డిజైన్ చూపించకపోతే కొనేవాడు ధర కట్టలేడు. చూపిస్తే కొనాల్సిన పని ఉండదు. అదే డిజైన్‌కు గట్టి పేటెంట్ ఉండి, ఆ దేశంలో అది అమలయ్యే నమ్మకం ఉంటే లైసెన్సు చాలు, ఫ్యాక్టరీ అక్కర్లేదు. ప్రతి సిద్ధాంతం కిందా ఇలా ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి: ఏది మారితే జవాబు మారుతుంది? ఆ వాక్యం రాయలేకపోతే సిద్ధాంతం ఇంకా అర్థం కాలేదన్నమాట.

స్వీడన్ కంపెనీలను చూసి 1977లో జొహాన్సన్, వాల్నే చెప్పిన ఉప్సాలా నమూనా ప్రకారం సంస్థలు మానసికంగా దగ్గరి దేశాలకు ముందు, మెల్లగా వెళ్తాయి. అదే ఇద్దరూ 2009లో దాన్ని సవరించారు: పరాయి దేశం కావడం కంటే అక్కడి సంబంధాల వలకు బయట ఉండటమే పెద్ద అడ్డంకి అన్నారు. పుట్టినప్పటి నుంచే పలు దేశాల్లో వ్యాపారం చేసే సంస్థల గురించి 1994లో ఒవియట్, మెక్‌డూగల్ రాశారు. ఈ మూడింటినీ కాలక్రమంలో పేర్చడం తేలిక. మీ పంపు కంపెనీ విషయంలో ఏది ఏం ఊహిస్తుందో, ఎక్కడ ఒకదానితో ఒకటి విభేదిస్తుందో రాయడం కష్టం, మార్కులు దానికే.

సంస్కృతి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దేశాల సంస్కృతిని అంకెల్లో కొలిచే హాఫ్‌స్టెడ్ స్కోర్లకు మూలం 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం ఉద్యోగుల దగ్గర సేకరించిన సమాధానాలు. అవి దేశ సగటులు. ఎదురుగా కూర్చున్న ఒక మేనేజర్ ఎలా ప్రవర్తిస్తాడో ఆ సగటుతో చెప్పడం తర్కంలోనే తప్పు. రెండు దేశాల స్కోర్ల తేడాల వర్గాలను (స్క్వేర్‌లను), ఆయా స్కోర్ల వేరియన్స్‌తో భాగించి సగటు తీసే కోగుట్-సింగ్ సూచీ 1988 నుంచి వాడుకలో ఉంది. ఆ సూత్రంలో ఇక్కడి నుంచి అక్కడికి ఎంత దూరమో, అక్కడి నుంచి ఇక్కడికీ అంతే. వ్యాపారంలో అలా ఉండదు. 2001లో షెంకర్ ఈ లోపాలను వివరంగా ఎత్తి చూపారు. డిజర్టేషన్‌లో ఆ సూచీ వాడేవాళ్లు ఈ విమర్శకు జవాబు రాసిపెట్టుకోవాలి.

వాల్‌మార్ట్ జర్మనీ కథ చూడండి. 1997లో వెళ్లి 2006లో బయటపడింది. క్లాసులో వినిపించే జవాబు సంస్కృతి: పలకరింపులు, చిరునవ్వులు. అదీ కొంత ఉంది. కానీ అక్కడి చవక దుకాణాల గొలుసులు ఆల్డీ, లిడ్ల్ అప్పటికే ధరలు నేలకు దించి ఉన్నాయి. కొన్ని సరుకులను కొన్న ధరకంటే తక్కువకు అమ్ముతోందని 2000లో పోటీ నియంత్రణ సంస్థ ధరలు పెంచమంది. కొన్న రెండు గొలుసు దుకాణాలనూ ఒక్కటిగా కలపడం సాగలేదు. సంస్కృతి అన్న మాట రాసే ముందు చట్టం, పోటీ, స్థాయి అనే మూడింటినీ తోసిపుచ్చారా అని చూసుకోండి. మిగిలింది సంస్కృతి.

ఫారెక్స్‌లో మూడు తప్పులు

ఒక యూరోకు 1.1000 డాలర్లు. వార్షిక వడ్డీ డాలర్‌కు 5, యూరోకు 3 శాతం. ఆరు నెలల ఫార్వర్డ్, అంటే ఆరు నెలల తర్వాతి మార్పిడికి ఇప్పుడే ఖాయం చేసే రేటు, ఎంత? 1.10 × 1.025 / 1.015, అంటే 1.1108. వడ్డీని సగం చేయడం మరిచిపోతే 1.1214 వస్తుంది. భిన్నం తలకిందులు చేస్తే 1.0893. ముందు వడ్డీని కాలానికి తగ్గించుకోండి; ఏ కరెన్సీలో ధర చెబుతున్నామో దాని వడ్డీ పైన. దాంతో రెండు తప్పులు పోతాయి. మూడోది ఆలోచనలో తప్పు: ఫార్వర్డ్ రేటును జోస్యంగా చదవడం. అది వడ్డీల తేడా మాత్రమే.

రిస్కుల్లో లావాదేవీ రిస్కు అందరికీ అర్థమవుతుంది. ఆర్థిక రిస్కు దగ్గర తడబడతారు. ఎగుమతులే లేని, సొంత దేశంలో సొంత కరెన్సీలో అమ్ముకునే పంపు కంపెనీ తీసుకోండి. పోటీదారు సరుకు బయటి నుంచి వస్తోంది. ఆ సరుకు వచ్చే దేశపు కరెన్సీ పడిపోతే పోటీదారు పంపు చవకవుతుంది. ఒక్క విదేశీ ఇన్‌వాయిస్ లేకపోయినా మన కంపెనీకి ఫారెక్స్ దెబ్బ తగిలింది. ఫార్వర్డ్ కాంట్రాక్టు దీనికి మందు కాదు.

డిజర్టేషన్

"ప్రపంచీకరణ చిన్న సంస్థలపై ప్రభావం" లాంటి శీర్షిక ఏటా కనిపిస్తుంది, ఏటా మునుగుతుంది. ఏ వస్తువు, ఏ దేశాలు, ఏ సంవత్సరాలు, ఏ మార్పు అన్న నాలుగూ శీర్షికలో ఉండాలి. మీ ఫైలు ఉంది కాబట్టి ప్రశ్న దగ్గరే ఉంది: ఫలానా ఒప్పందంతో 8413.70 మీద సుంకం తగ్గాక దిగుమతులు నిజంగా పెరిగాయా, లేక వేరే దేశం నుంచి వచ్చేవి ఇటు మళ్లాయా?

సర్వే పెట్టుకుంటే జాగ్రత్త. ఎగుమతి మేనేజర్లకు పంపిన ప్రశ్నావళిలో తిరిగొచ్చేవి చాలా తక్కువ, పన్నెండు వారాల్లో అది సర్దుకోదు. ఇంటర్వ్యూలైతే ఎనిమిది నుంచి పన్నెండు మంది, ఒక్కో గంట మాటను రాతలో పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు వేసుకోండి. ఎథిక్స్ అనుమతి రాకముందు సేకరించినదేదీ వాడనివ్వరు. ఆ దరఖాస్తే మొదటి పని.

ట్రేడ్ డేటాతో చేసేవాళ్లకు యూఎన్ కామ్‌ట్రేడ్, జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం (ఐటీసీ) వారి ట్రేడ్ మ్యాప్ చాలు. కానీ ఒక దేశం చెప్పిన ఎగుమతీ, అవతలి దేశం చెప్పిన దిగుమతీ సరిపోలవు. ఎగుమతి సాధారణంగా సముద్ర రవాణా, బీమా కలపని ఎఫ్‌వోబీ విలువ, దిగుమతి అవి కలిపిన సీఐఎఫ్ విలువ. పైగా రాటర్‌డామ్, హాంకాంగ్ లాంటి రేవుల మీదుగా వెళ్లిన సరుకు గమ్యం తప్పుగా నమోదవుతుంది. దిగుమతి లెక్కల మీద సుంకం వసూలవుతుంది కాబట్టి మామూలుగా అవే నమ్మదగినవి. ఏదో ఒక వైపు ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. హెచ్‌ఎస్ 1996, 2002, 2007, 2012, 2017, 2022ల్లో మారింది. మీ సంవత్సరాల మధ్య మీ కోడ్ విడిపోయిందో, కలిసిపోయిందో అనుసంధాన పట్టికలో చూడకపోతే, పడిపోయినట్టు కనిపించిన దిగుమతి కోడ్ మార్పే కావచ్చు.

గ్రావిటీ మోడల్ అంటే ఆర్థిక పరిమాణం పెరిగితే వ్యాపారం పెరుగుతుంది, దూరం పెరిగితే తగ్గుతుంది. లాగరిథమ్ తీస్తే సున్నా వ్యాపారం ఉన్న జంటలు మాయమవుతాయి. ఒకటి కలిపి లాగ్ తీయడం పాత చిట్కా, ఫలితాన్ని వంకర చేస్తుంది. 2006లో సాంటోస్ సిల్వా, టెన్‌రేరో సూచించిన పాయిజాన్ పద్ధతి సున్నాలను ఉంచుతుంది. మొదట్లో చెప్పిన 44 శాతం పాఠం ఇక్కడ పనికొస్తుంది: మిగతా ప్రపంచంతో ఉన్న అడ్డంకులను కలుపుకోవడానికి ఎగుమతి దేశం-సంవత్సరం, దిగుమతి దేశం-సంవత్సరం ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్, అంటే అలాంటి ప్రతి దేశం-సంవత్సరానికీ ఒక డమ్మీ, పెట్టాలి. పెట్టగానే జీడీపీ గుణకం కనిపించకుండా పోతుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని కంగారు పడతారు. ఆ ఎఫెక్ట్స్ జీడీపీని మింగేశాయి, అంతే. దూరం లాంటి జంట లక్షణాలు నిలుస్తాయి. జంట ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ కూడా పెడితే దూరమూ పోతుంది, ఒప్పందం లాంటి మారే అంశాలే మిగులుతాయి. మీకు కావాల్సింది ఆ ఒప్పందపు గుణకమే.

డేటా దించుకున్న రోజు ఫైలు పేరులోనే తేదీ, హెచ్‌ఎస్ సంచిక, దిగుమతి వైపో ఎగుమతి వైపో రాయండి. దేశాలు తమ పాత లెక్కలను తర్వాత కూడా సవరిస్తుంటాయి. మార్చిలో దించిన అంకె ఆగస్టులో ఉండకపోవచ్చు. దించిన ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, శుభ్రం చేసే పని అంతా కోడ్‌తో కాపీ మీద చేయండి. వైవాలో "ఈ 2,316 వరుసల్లో 140 ఎందుకు పోయాయి" అని అడిగితే ఆ కోడ్ తెరిచి చూపించడమే జవాబు.